హేమ్లికి ఒక చిరునామా

అత్తమ్మ దినాలు అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, మొదటిసారి బట్టలు ఉతకడానికి కూర్చున్న రోజు పని తొందరగా అయిపోయింది. ఇంకా ఏవో ఉండాలి కదా అని అలవాటుగా లేచి వెనక గదిలోకి వెళ్లాను. మంచం మీద పరుపు లేదు. తడిసిన దుప్పట్లు లేవు. పాత చీరలు చింపి నేను కుట్టిన గుడ్డలు లేవు. తడి చేతులతో గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆఫీసుకు బయల్దేరుతున్న కోటేష్ షూ లేసు కట్టుకుంటూ నన్ను చూసి అన్నాడు, "ఇగ నీకు ఆరామే కదా."

ఆ మాటలో చెడ్డతనం ఏమీ లేదు. మంచి మాటే అనుకుని అన్నాడు. నాలుగేళ్లు ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది, ఒళ్లు తుడిచింది, చెంచాతో జావ పోసింది నేనే కాబట్టి, ఇప్పుడు ఆ పని లేదు కాబట్టి, ఆరామే. కానీ ఆ నాలుగేళ్లూ నేను పని మాత్రమే చేశానని ఆయన అనుకుంటున్నట్టు ఆ క్షణానే నాకు తెలిసింది. అత్తమ్మ పోయిన రోజు వచ్చిన వాళ్లందరూ కోటేష్ భుజం మీద చెయ్యి వేశారు. కన్నతల్లి కదా, ఆ బాధ పెద్దది అన్నారు. నా దగ్గరికి వచ్చి, "మంచినీళ్లు ఉన్నయా అమ్మా," "ఇంకో నాలుగు కుర్చీలు దొరుకుతయా" అన్నారు. కోడలికి ఏముంటుంది? కోడలికి ఆరామే.

మాది తండా. కోటేష్ వాళ్లదీ తండానే. ఇద్దరం హాస్టళ్లలో ఉండి చదువుకున్నాం. నన్ను హాస్టల్‌లో చేర్చిన రోజు మా అయ్య చెప్పిన పేరు అక్కడి సారుకు నోరు తిరగలేదట. తనకు నచ్చిన పేరు రాసేసుకున్నాడు. అట్లా నేను జ్యోత్స్న అయ్యాను. పెళ్లయి ఖమ్మంలో కాపురం పెట్టాక, ఇప్పుడు హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయికి మాటలు వచ్చే వయసులో కోటేష్ ఒక నియమం పెట్టాడు. ఇంట్లో తెలుగే మాట్లాడాలి. "మన భాష పడ్తే పిల్లకు యాస వస్తది. బడిల నవ్వుతరు. నేను పడ్డ బాధ అది పడొద్దు," అన్నాడు. నిజమే, ఆయన పడ్డాడు. అందుకే నేను ఎదురు చెప్పలేదు. అత్తమ్మ పక్షవాతంతో పడిపోయినప్పుడు ప్రైవేటు స్కూల్లో నా ఉద్యోగం మానేయడం కూడా అట్లాగే జరిగిపోయింది. "ఎవరో ఒకరు ఇంట్ల ఉండాలె కదా," అన్నాడు. ఆ ఎవరో ఒకరు ఎవరో ఇద్దరికీ తెలుసు. స్కూలు వాళ్లు కూడా పెద్దగా బాధపడలేదు. వార్షికోత్సవం రోజున అతిథులకు టీలు అందించే టీచర్ ఒకామె తగ్గింది, అంతే.

అత్తమ్మ పడిపోయాక ఆమె నోట్లోంచి తెలుగు పోయింది. డాక్టర్ అట్లా జరుగుతుందని చెప్పాడు. మిగిలింది తండా భాష ఒక్కటే, అదీ ముక్కలు ముక్కలుగా. కోటేష్ రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడి, "ఏమంటుంది?" అని నన్ను అడిగేవాడు. ఆయన మరిచిపోయిన భాషేం కాదు. గదిలోకి వచ్చి కూర్చుంటే జవాబు చెప్పాలి, జవాబు ఆ భాషలో చెప్పాలి, అది ఆయన వల్ల కాలేదు. నేను కూర్చునేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో నా వంటకు ఉప్పు తప్ప ఇంకేదీ సరిగ్గా కుదరదని దెప్పిన మనిషి, చివరి రోజుల్లో నా వేళ్లు పట్టుకుని తన చిన్ననాటి ఆటల గురించి, వాళ్లమ్మ తిట్ల గురించి చెప్పేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆమె పోయాక ఇంట్లో ఆ భాష లేకుండా పోయింది. పనులు చేసుకుంటూ ఒక్కోసారి నాలో నేనే ఆ భాషలో ఏదో అనుకుని, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసేదాన్ని.

మా పక్క వీధిలో సుబ్బరత్నం గారు ఉంటారు. నర్సుగా చేసి రిటైరైన మనిషి. వాళ్లది బోనకల్ వైపు, పెద్దవాళ్లెప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నారు. అత్తమ్మ వీపు మీద పుండ్లు పడితే ఎవరూ పిలవకుండానే వచ్చి కట్టు కట్టడం నేర్పింది ఆమే. దినాలయ్యాక ఒకరోజు వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. నేను టీ పెట్టబోతే వద్దంది.

"మీ అత్తగారితో మాట్లాడేదానివి చూడు, ఆ భాష నీకు బాగా వచ్చుగా?"

"వచ్చు మేడమ్. మా భాషే కదా."

"శనివారం నాతో రా మరి. జైలుకి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వాళ్లు కొంతమంది కలిసి ప్రతి శనివారం జైల్లో ఆడవాళ్ల వార్డుకు వెళ్తారట. పళ్లు పంచడానికి కాదు, ఉపన్యాసాలు చెప్పడానికి కాదు. చూడటానికి ఎవరూ రాని వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడటానికి. ఒక్కొక్కరికి ఒక్కొక్కరు స్నేహితులు. "భద్రాచలం అవతల అడవి అంచున ఏదో తండా అంట. హేమ్లి అని ఒకామె. వచ్చి చాలా నెలలైంది. ఒక్క మాట మాట్లాడలేదు. మొదట చెవుడనుకున్నారు. చెవుడు కాదు. నేను ఎంత ప్రయత్నించినా గోడ వైపే చూస్తుంది. భాష కలిస్తే ఏమైనా పలుకుతుందేమోనని."

"నేను పోయి ఏం చెయ్యాలె?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. కేసు గురించి అడగం. సలహాలివ్వం. మన ఫోను నంబర్లూ అడ్రసులూ ఇవ్వం. పోయి కూర్చుంటాం. మాట్లాడితే మాట్లాడతాం."

కోటేష్‌తో సుబ్బరత్నం గారి సేవా సంఘంలో చేరుతున్నానని చెప్పాను. "మంచిదే, టైంపాస్ అయితది," అన్నాడు. ఏ సేవ, ఎక్కడ అని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

మొదటి శనివారం గేటు దగ్గర ఫోను, పర్సు, చివరికి జడకున్న పిన్నీసు కూడా ఇచ్చేసి లోపలికి వెళ్లాను. ఆడవాళ్ల వార్డు అనుకున్నంత భయంగా లేదు. కడిగిన వరండా, తీగ మీద ఆరేసిన చీరలు, ఒక మూల ఎవరో పిల్లకు జడ వేస్తున్నారు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఖైదీ ఒకామె సుబ్బరత్నం గారిని చూసి, "ఇయ్యాల లేటైంది మీకు," అంటూ ఎదురొచ్చింది. హేమ్లి ఆ చివర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరవైకి దగ్గర. అద్దాలు సగం ఊడిపోయిన రవికె, నుదుటి మీద పాత పచ్చబొట్టు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చానుగానీ, కూర్చోగానే అదంతా మరిచిపోయాను. మా భాషలో, "అన్నం తిన్నవా?" అన్నాను.

ఆమె తల తిప్పలేదు. నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. అత్తమ్మ గురించి చెప్పాను. నా వంట మీద ఆమె దెప్పులు చెప్పాను. నాలుగేళ్ల గురించి, చివరి రోజు నా వేలు ఎంత గట్టిగా పట్టుకుందో, ఆ వేలు విడిపించుకోవడానికి నాకు ఎంత భయమేసిందో చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతులు అవి. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఒక ముక్కూ మొహం తెలియని ఖైదీ పక్కన కూర్చుని చెప్పేశాను. సుబ్బరత్నం గారు వెళ్దామని సైగ చేస్తే లేచి నిలబడ్డాను. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. నా మొహం వైపు కాదు, చేతి వైపు చూసింది.

"చెయ్యి ఏమైంది?"

మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె తగిలి కాలింది. మూడు రోజుల క్రితం. బొబ్బ లేచి చితికి ఎర్రగా ఉంది. ఇంట్లో అది తగిలినప్పుడు నేను అరిస్తే కోటేష్ పక్క గదిలోంచి, "చొక్కా మాడలే కదా?" అని అడిగాడు. మాడలేదని చెప్పాను. ఆ తర్వాత నేనూ మరిచిపోయాను. ఇప్పుడు ఆమె అడిగితే, ఆ చెయ్యి నాదేనన్నట్టు, అది ఇంకా మండుతున్నట్టు గుర్తొచ్చింది.

"కాలింది," అన్నాను.

"నీళ్లు తగలనియ్యకు," అంది.

జైలు గేటు దాటాక సుబ్బరత్నం గారు నా భుజం పట్టుకుని ఊపేసింది. "మాట్లాడిందే! మాట్లాడిందే!" నేను ఆటోలో కూర్చుని ఇల్లు చేరేదాకా ఏడ్చాను. ఆమె మాట్లాడినందుకని సుబ్బరత్నం గారు అనుకుంది.

ఆ తర్వాత శనివారం కోసం ఎదురుచూడటం నాకు అలవాటైంది. మొదట్లో ఒకటి రెండు మాటలే. తర్వాత తర్వాత నేను వెళ్లేసరికి ఆమె వరండా మధ్యకు వచ్చి కూర్చుని ఉండేది. వయసులో పెద్దది కదా అని నేను ఆమెను "యాడీ" అని పిలిచాను, మా భాషలో అమ్మా అని. ఒకటి రెండు సార్లు ఊరుకుంది. తర్వాత అంది:

"అట్ల పిలవకు. అమ్మను అయినందుకే గదా ఈడికొచ్చిన. హేమ్లి అను."

"పెద్దదానివి, పేరు పెట్టి ఎట్ల పిలవాలె?"

"పెండ్లి కాకముందు రామ్‌సింగ్ బిడ్డ అన్నరు. పెండ్లయినంక రూప్‌సింగ్ పెండ్లాం అన్నరు. బిడ్డ పుట్టినంక కవిత అమ్మ అన్నరు. పొద్దుగాల ఈడ లెక్క పిలిచేటప్పుడు హేమ్లి అని పిలుస్తరు. మొదట్ల నన్నే అని తెల్వక పలకలే." ముసిముసిగా నవ్వింది. "మంచిగనే ఉంది పేరు. నువ్వు కూడ పిలువు."

నేను మెల్లగా, సిగ్గుపడుతూ, "హేమ్లీ," అన్నాను. "ఆఁ," అంది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. వార్డరమ్మ కూడా అటు తిరిగి నవ్వింది, ఏం అర్థమైందో ఏమో.

కేసు గురించి నేను అడగలేదు. ఒకరోజు నా జడ విప్పి చిక్కులు తీస్తూ తనే చెప్పింది. అల్లుడు లాలు తాగి కొడుతుంటే కవిత తల్లి దగ్గరికి వచ్చేసింది. వాడు వెనకాలే వచ్చి, పొయ్యి ముందు కూర్చున్న కవితను జుట్టు పట్టి ఈడ్చాడు. హేమ్లి పొయ్యి పక్కనున్న కట్టె తీసి కొట్టింది. ఒక్కటే దెబ్బ. పొయ్యి రాయి మీద పడ్డాడు. దవాఖానాలో చనిపోయాడు. "ఆటో వచ్చేదాక వాని తల నా ఒళ్లనే పెట్టుకున్న," అంది. ఆమె వేళ్లు నా జుట్టులోనే ఆగిపోయాయి. "చిన్నప్పటి సంది నా ఇంట్ల రొట్టె తిన్న పోరడు. చావాలని కొట్టలే. బిడ్డను ఇడుస్తడని కొట్టిన. పోలీసులు అడిగితే నేనే కొట్టిన అని చెప్పిన. ఇంకేం చెప్పాలె? అందరు ఆ ఒక్క పూట సంగతే అడిగిండ్రు. అంతకు ముందు నేను బతికిన బతుకు ఎవ్వరు అడగలే. అడగనోళ్లతోని ఏం మాట్లాడాలె అని ఊకున్న."

కవిత ఒక్కసారి కూడా తల్లిని చూడటానికి రాలేదు. లాలు వాళ్ల అమ్మానాన్నలు పిల్లలను తమ దగ్గర పెట్టుకున్నారు. తల్లిని చూడటానికి పోతే పిల్లల ముఖం చూడనివ్వం అన్నారట. హేమ్లి ఆ మాట చెప్పి, "రాకపోవుడే మంచిది. ఆడనే ఉండాలె అది, పిల్లల కాడ," అంది. అంటూనే గేటు వైపు చూసింది. శనివారాల్లో గేటు చప్పుడైన ప్రతిసారీ ఆమె మెడ అటు తిరిగేది.

నేను ఆ బతుకును అడిగాను. కొన్ని శనివారాలు అదే పని. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూలు ఏరడానికి అడవిలోకి వెళ్లడం, ఎలుగుబంటి ఎదురుపడితే గంపలు వదిలేసి పరిగెత్తడం, తునికాకు కట్టలు కడుతూ పాడిన పాటలు. ఆమె పాడేది, చిన్న గొంతుతో. పదం మరిచిపోతే నేను అందించేదాన్ని. నాకు ఆ పదాలు గుర్తున్నట్టు నాకే తెలియదు. ఆమె నన్నూ అడిగేది. ఏం వండినవ్ అని కాదు. "నీకేం ఇష్టం?" అని. మొదటిసారి అడిగినప్పుడు నేను కోటేష్‌కు ఇష్టమైన కూర చెప్పాను. "నీ మొగనిది గాదు, నీది," అంది. ఎంతసేపు ఆలోచించినా నాకు తట్టలేదు. తర్వాతి వారం చెప్తానన్నాను. ఆ వారమంతా వంట చేస్తూ, ఇల్లు తుడుస్తూ అదే ఆలోచన. నలభై రెండేళ్ల మనిషిని, నాకేం ఇష్టమో కనుక్కోవడానికి నాకు వారం పట్టింది. వర్షం పడుతుంటే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోవడం. అదే నాకిష్టం. చెప్తే హేమ్లి పడీ పడీ నవ్వింది. "దానికి వారం కావాల్నా!"

చలికాలంలో కోటేష్‌కు తెలిసింది. ఆఫీసులో ఎవరో, "మీ మేడమ్‌ను జైలు గేటు కాడ చూసినం, ఏమన్న ప్రాబ్లమా?" అని అడిగారట. ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూర్చున్నాడు. అరవలేదు. అరిచే మనిషి కాదు.

"జైలుకు పోతున్నవా?"

"అవ్. శనివారం శనివారం. హేమ్లి అని మనోళ్లామె ఉంది ఆడ, అల్లుడు సచ్చిన కేసుల."

"నీకు తెల్వదా జ్యోత్స్నా? ఆఫీసుల ఏదన్న వస్తువు పోతే ముందు నా టేబులు దిక్కు చూసేటోళ్లు, కొత్తల. మన పేరు చివర చూసి. ఇరవై ఏండ్ల సంది ఎంత జాగ్రత్తగ బతుకుతున్ననో నీకు తెల్వదా? నువ్వు పోయి ఆడ కూసుంటే ఏమనుకుంటరు? మనోళ్లు జైల్లనే ఉంటరు అనుకోరా?" కుర్చీలోంచి లేచాడు. "ఇగ పోకు."

ఆయన బాధ నాకు తెలుసు. కొత్తలో ఆయన టిఫిన్ ముట్టకుండా ఇంటికి తెచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. అందుకే ఆ శనివారం నేను వెళ్లలేదు. ఇంట్లోనే ఉండి అల్మారాలు సర్దాను. ఆయన సంతోషించాడు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. తింటూ నేను అనుకున్నాను. ఈయన భయాన్ని కూడా నేనే మోస్తున్నాను. వాళ్లమ్మను మోసినట్టే. మోస్తున్నానని ఈయనకు తెలియదు. నాకు ఇష్టమైనది ఒక్కటి దొరికితే, అది ఈయన భయానికి అడ్డం వస్తే, పక్కకు పెట్టాల్సింది నాదే. అది అడగాల్సిన మాట కూడా కాదు ఈ ఇంట్లో. మిగిలిన బజ్జీ ప్లేటులో పెట్టేశాను.

ఆ తర్వాతి శనివారం, "నేను పోతున్న," అని చెప్పి చెప్పులు వేసుకున్నాను. కోటేష్ పేపర్ మీద నుంచి తల ఎత్తలేదు. వరండాలో నన్ను చూడగానే హేమ్లి గబగబా లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జరం లేదు," అంది. "పోయిన వారం నువ్వు రాకపోతే జరం వచ్చిందనుకున్న. అందరికి నువ్వు చేస్తవ్. నీకెవరు గంజి కాస్తరు అని దినమంత గదే ఆలోచన నాకు. అన్నం పోలే."

జైలు గోడల మధ్య కూర్చుని, నాకు గంజి ఎవరు కాస్తారని ఒక మనిషి రోజంతా ఆలోచించింది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె ఎందుకని అడగలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

మామిడి పూత వచ్చే రోజుల్లో ఉచితంగా కేసు చూస్తున్న లాయరమ్మ బెయిల్ తెచ్చింది. కానీ షరతులున్నాయి. కేసు తేలేదాకా హేమ్లి తన మండలంలో అడుగు పెట్టకూడదు. సాక్షులతో మాట్లాడకూడదు, కవిత కూడా సాక్షే. ఖమ్మంలోనే ఉండి ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. ఖమ్మంలో ఉండే చోటు, చిరునామా ఇస్తేనే విడుదల. సుబ్బరత్నం గారు తెలిసిన ఆశ్రమాలన్నీ తిరిగింది. కేసు ఉన్న మనిషిని పెట్టుకోం అన్నారు. తన ఇంట్లోనే పెట్టుకుందామంటే, కొడుకూ కోడలూ పిల్లలూ ఉన్న రెండు గదుల పోర్షన్. తను పడుకునేదే హాల్లో.

"బెయిల్ వచ్చి కూడా లోపలే ఉండాలి పాపం," అంది. "మనం ఏం చేస్తాం జ్యోత్స్నా, మన స్నేహం గేటు దాకే. మనం పెట్టుకున్న నియమమే అది."

ఇంటికి వచ్చాను. వెనక గదిలో కోటేష్ టేపుతో గోడ కొలుస్తున్నాడు. అత్తమ్మ మంచం అమ్మేసి, సోఫా, ఏసీ పెట్టించి గెస్ట్ రూమ్ చేద్దామని. "ఎవరన్న పెద్ద ఆఫీసర్లు వస్తే కూసోబెట్టడానికి మంచిగుంటది," అన్నాడు. నేను ఆ గదిని చూశాను. ఈ గదిలో ఏ బండ మీద నీళ్లు నిలుస్తాయో, ఎండ ఎప్పుడు మంచం మీదికి వస్తుందో, తలుపు ఎట్లా వేస్తే చప్పుడు కాదో నాకే తెలుసు. నా ఆధార్ కార్డు మీద ఈ ఇంటి నంబరే ఉంది, కోటేష్ భార్య అన్న మాట కింద. ఈ ఇంట్లో నేను తుడవని మూల లేదు. అయినా ఈ చిరునామాను ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు ఉందా అన్న ప్రశ్న నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. హక్కు లేదని ఎవరూ చెప్పలేదు. నేను కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం చపాతీ పిండి కలుపుతూ ఎంతసేపు పిసికానో తెలియదు, పిండి మెత్తబడి చేతికి అంటుకుపోయింది.

పొద్దున కోటేష్‌కు ఇడ్లీ వడ్డిస్తూ చెప్పాను. "హేమ్లికి బెయిల్ వచ్చింది. మన ఇంటి అడ్రస్ ఇస్తున్న. వెనక గదిల ఉంటది."

ఆయన చేతిలో ముక్క ఆగింది. "నన్ను అడగవా?"

"చెప్తున్న కదా."

"చెప్పుడు వేరు, అడుగుడు వేరు."

"అవ్," అన్నాను. "వేరే."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఎంతకాలానికో అట్లా చూడటం. "మనిషిని చంపిన మనిషి."

"ఆ అల్లుని తల ఒళ్ల పెట్టుకుని కూసున్న మనిషి కూడ."

"ఈ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఎరికే కదా నీకు?"

"ఎరికే. వెనక గది ఎవరు చూసుకున్నరో మీకు కూడ ఎరికే."

ఆయన ఇడ్లీ వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి, వీధి వైపు చూస్తూ, "కాలనీల అడిగితే ఏం చెప్పాలె నేను?" అన్నాడు. ఈసారి అది కోపం కాదు. నిజంగానే ఆయనకు తెలియక అడిగాడు.

"మీరేం చెప్పొద్దు. నన్ను అడగమనుండ్రి."

లాయరమ్మ దగ్గరికి వెళ్లి ఇంటి నంబరు, వీధి పేరు చెప్పాను. సుబ్బరత్నం గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ సంఘం నియమం తప్పినట్టే కదా మేడమ్," అన్నాను. "అయితే సంఘంలోంచి తీసేద్దాంలే నిన్ను," అని కళ్లు తుడుచుకుంది. ఆమె వాళ్లింటి నుంచి ఒక కొత్త పరుపు పంపించింది. నేను గది కడిగి, మంచం మీద పరుపు వేసి, ఉతికిన దుప్పటి పరిచాను.

కాగితాల పనులన్నీ అయి ఆమె బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. గుడ్డ సంచీ ఒకటి చంకలో పెట్టుకుని గేటు బయట నిలబడింది. రోడ్డు మీద లారీలు, బైకులు చూసి వెనక్కి జరిగింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆటోలో కూర్చున్నాక, "మీ ఇంట్ల ఎవరుంటరు?" అని అడిగింది.

"నేనుంట."

"నీ మొగడు?"

"ఆయన కూడ ఉంటడు."

హేమ్లి మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. "ఇంట్ల పని చెప్పు నాకు. ఉత్తగ కూసోను," అంది.

"పని కోసం తీసుకపోతలేను నిన్ను."

"మరెందుకు?"

"నువ్వుంటే నాకు మంచిగుంటది."

ఆమె నా మణికట్టు తీసుకుని, కాలిన మచ్చ ఎక్కడుందో వెతికింది. మచ్చ దాదాపు పోయింది. అయినా ఆ చోటు మీద బొటనవేలు పెట్టి అట్లాగే ఉంచింది.

ఇంటి ముందు ఆటో దిగేసరికి వీధి లైట్లు వెలిగాయి. ఎదురింటి వాళ్లు వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చుని, మాటలు ఆపి చూస్తున్నారు. హేమ్లి కొంగు తల మీదికి లాక్కుంది. కోటేష్ ఆఫీసు నుంచి ముందే వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి తలుపు మీద పెట్టి. ఆయన కళ్లు ఆమె రవికె మీద అద్దాల మీద, నుదుటి పచ్చబొట్టు మీద ఆగాయి. వాళ్లమ్మను చూసినట్టు ఒక్క క్షణం చూశాడు. వెంటనే ఎదురింటి వైపు చూశాడు. నా దగ్గరగా వంగి, వాళ్లకు వినపడకుండా అడిగాడు.

"జ్యోత్స్నా, నిజం చెప్పు. ఈమె మనకేమైతది?"

"మనకేం కాదు," అన్నాను, మామూలు గొంతుతో, వీధిలో అందరికీ వినపడేట్టు. "నాకు స్నేహితురాలు. జర జరుగుండ్రి, లోపలికొస్తది."

కోటేష్ జరిగాడు.